బిచ్చా బిడ్డ గొంతు

"నువ్వే కదనే రమ్మన్నవ్? వచ్చినంక గేటు మూస్తే ఎట్లనే?"

ఫోన్‌లో ద్వాళి అరుస్తోంది. ద్వాళి యమునకు కాకి, అంటే చిన్నాయన పెళ్లాం. మొగుడు పోయాక కౌలుకు పొలం పట్టి ఒక్కతే సేద్యం చేసుకుంటున్న మనిషి. తెల్లారగానే మిషన్ పెట్టించి సన్నవడ్లు కోయించి, పచ్చివడ్లను అట్లాగే ట్రాక్టర్లో పోయించుకుని, ఆత్మకూర్ (ఎస్) దగ్గరి తండా నుంచి మిర్యాలగూడ దాకా వచ్చింది. ఇప్పుడు బద్రీనాథ్ మిల్లు ముందు వరసలో ఇరుక్కుంది. తన ట్రాక్టరు ఎక్కి చూసినా గేటు కనపడటం లేదట.

సూర్యాపేటలో, రైతుసంఘం పాత ఆఫీసు మేడమీది గదిలో కూర్చున్న యమున కుర్చీలోంచి లేచింది.

"కాకీ, నేను రమ్మనలే. ఆ మిల్లు నిండింది, ఇయ్యాల కోత ఆపుండ్రి అనే కబురు పెట్టిన పొద్దుగాల్ల."

"ఏం పెట్టినవో నాకు తెల్వదు. 'బిచ్చా బిడ్డ యమునను సెప్తున్న' అన్నవ్. 'బద్రీనాథ్ మిల్లు ఖాళీగున్నది, రాండ్రి' అన్నవ్. నీ గొంతు నేను గుర్తువట్టనా? నీకు మాటలు నేర్పిందే నేను."

"జర విను కాకీ..."

"ఏం వినాలె? వినే కదా వచ్చిన!"

ఫోన్ కట్ అయింది. యమున వెంటనే, తనతో కలిసి ఈ ఫోన్ కబుర్లు నడిపే సాయిచరణ్‌కు చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మూడోసారి బిజీ వచ్చింది. అప్పుడు ఆమె అరికాలి నుంచి మంట లేచింది. ఇంకా ఏమీ తెలియదు, కానీ ఒళ్లు ముందే తెలుసుకుంది.

మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. ఆరబోసుకునే జాగా అందరికీ ఉండదు, కోసిన పూటే మిల్లుకు చేర్చాలి. గేటు ముందు ఆగిపోయాయా, ట్రాలీలోనే వేడెక్కుతాయి, రంగు తిరుగుతాయి, పులిసిన వాసన వేస్తాయి. మిల్లు మనిషి వచ్చి గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, పెదవి విరుస్తాడు. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండదు. ఎంత సేపు ఆగితే అంత వేడి, ఎంత వేడెక్కితే రైతు అంత మెత్తబడతాడు. మిర్యాలగూడ చుట్టూ కొన్ని మిల్లులకు గేటు తెరవడం ఒక వ్యాపారమైతే, మూసిపెట్టడం అంతకన్నా మంచి వ్యాపారం.

ఈ సంగతి యమునకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. బడికి సెలవులున్న ఒక కోతల కాలంలో తండ్రి బిచ్చాతో పాటు ట్రాలీ మీద కూర్చుని మిల్లుకు వచ్చింది. ఊరు చూపిస్తానని తీసుకొచ్చాడు. చూపించింది గేటు. ట్రాలీ కింద పొయ్యి పెట్టి ఆడవాళ్లు వంటలు చేసుకుంటుంటే మొదట్లో ఆమెకు తిరునాళ్లలాగే అనిపించింది. మర్నాడు మధ్యాహ్నం బిచ్చా మోచేతి దాకా వడ్లలో చెయ్యి పెట్టి తీశాడు. యమున కూడా పెట్టింది. చలికాలపు పొయ్యిలోని వేడి బూడిదలో పెట్టినట్టుంది. మిల్లు మనిషి వచ్చి ఏదో రేటు చెప్పాడు. బిచ్చా భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని "సరే అయ్యా" అన్నాడు.

ఆ "సరే అయ్యా"ను యమున ఎన్నటికీ క్షమించలేదు. మిల్లు మనిషిని కాదు, రేటును కాదు, ఆ మాటను. తండాలో నలుగురూ పంచాయితీ పడితే గొంతెత్తి మాట్లాడే తండ్రికి, గేటు ముందు ఆ సన్నగొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

బళ్లో లంబాడీ యాస అని నవ్వారు. కోదాడ ఇంజనీరింగ్ కాలేజీకి పోతే, హాస్టల్లో ఆంధ్రా వైపు పిల్లలు "ఏంటండీ, మళ్లీ ఒకసారి అనండి" అని ఆమె చేత మాటలు పలికించుకుని నవ్వారు. ఆమె కూడా పలికేది, పలికి, "ఇగ మీరు మా భాషల ఒక్క ముక్క అనుండ్రి సూద్దాం" అనేది. ఎవరికీ నోరు తిరిగేది కాదు. అక్కడే పరిచయమయ్యాడు సాయిచరణ్. మిర్యాలగూడలో తరాల నుంచి ధాన్యం వ్యాపారం చేసే ఇంటి పిల్లవాడు, బద్రీనాథ్ అతనికి పెదనాన్న. మంచి పిల్లవాడే. అది కూడా చెప్పుకోవాలి. ఆమె యాసకు నవ్వలేదు, ఆమె కోపానికి నవ్వేవాడు. "అందరూ చదివి పాసైతే నువ్వు కోప్పడి పాసవుతావు" అనేవాడు.

కాలేజీలో ఒకసారి సమాజానికి పనికొచ్చే ఆలోచనల పోటీ పెట్టారు. యమున గేటు కథ చెప్పింది. "గేటు కాడ ఎన్ని ట్రాక్టర్లున్నయో కోత మొదలువెట్టక ముందే రైతుకు తెలిస్తే చాలు. మిషన్ రేపటికి పెట్టుకుంటడు. లేకుంటే ఇంకో మిల్లుకు పోతడు." విన్నవాళ్లలో సాయిచరణ్ ఉన్నాడు. సాయంత్రం క్యాంటీన్లో, "నేను చిన్నప్పటి నుంచి ఆ గేటుకు లోపలే ఉన్నా. బయట ఏముందో ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. ఆ మాట ఆమె నమ్మింది. అది అప్పటికి నిజమే.

అట్లా పుట్టింది గేటు కబురు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, తిరిగి ఫోన్ వస్తుంది. తెలుగు కావాలంటే తెలుగు, తండా భాష కావాలంటే తండా భాష. ఏ మిల్లు ముందు జాగా ఉంది, ఏది నిండింది, రావచ్చా రావద్దా. చదువు అక్కర్లేదు, పెద్ద ఫోన్ అక్కర్లేదు. కంప్యూటర్ పని సాయిచరణ్‌ది, మనుషుల పని యమునది.

గది దొరికింది సూర్యాపేటలో, సంఘం ఆఫీసు మీద. ఒకప్పుడు ఆ మేడ ముందు నిలబడటానికి చోటుండేది కాదట. ఇప్పుడు కింద టైలరు, పక్కన మొబైల్ రిపేరు, మీద వీళ్లు. గోడల ఎరుపు గులాబి రంగులోకి దిగింది. తాళాలు మాత్రం ఇంకా సంఘం పాత కార్యకర్త ముసలి లింగన్న దగ్గరే ఉండేవి. మొదటి రోజే ఆయన వచ్చి కంప్యూటర్ వైపు చూసి అడిగాడు.

"మిల్లోడి గుట్టు ఈ డబ్బల ఎట్లొస్తది బిడ్డా? మా కాలంల జెండాలు పట్టుకొని గేటు కాడ కూసుంటెనే చెప్పకపోయేటోడు."

"మిల్లోడు సెప్పడు తాతా. గేటు ఎదురుంగ చాయ్ అమ్మేటోళ్లు సెప్తరు."

లింగన్న ముఖం విప్పారింది. "అరే! గా ముచ్చట మాకు తట్టకపాయె. చాయ్ మాత్రం మస్తు తాగినం."

నిజంగానే పని అట్లా నడిచేది. పొద్దున్నే ప్రతి గేటు ఎదురుగా ఉన్న చాయ్ బండ్ల వాళ్లు, హోటల్ ఆడవాళ్లు యమునకు ఫోన్ చేసి వరస ఎంత దాకా ఉందో చెప్పేవాళ్లు. "మా బండి దాటింది", "ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉంది", "ఇయ్యాల కుక్కలు తప్ప ఎవ్వరు లేరు". అదే లెక్క.

ఇక ఆ పేరు సంగతి. తండాలో ఒక మాటను ఇంటింటికీ మోసుకెళ్లేవాళ్లు, పెళ్లి కబురు కానీ, చావు కబురు కానీ, ముందు తాము ఎవరి బిడ్డలో చెప్పి తర్వాతే మాట చెప్పాలి. మాట అబద్ధమైతే మోసుకొచ్చిన మనిషి కాదు, పేరు చెప్పిన ఇల్లు తండా ముందు నిలబడి జవాబు చెప్పాలి. అందుకే అబద్ధాలు తక్కువ. ఫోన్‌లో కబురు చెప్పాలన్నప్పుడు యమునకు ఇంకో తీరు తోచలేదు. "బిచ్చా బిడ్డ యమునను సెప్తున్న" అని మొదలుపెట్టకపోతే అది మాటే కాదు ఆమెకు.

"రోజూ కూర్చుని చెప్పాల్సిన పని లేదు. ముక్కలు ముక్కలుగా ఒక్కసారి చెప్పేయ్, సిస్టమ్ అతుకుతుంది" అన్నాడు సాయిచరణ్. లింగన్న ఇంటి నుంచి బొంతలు తెచ్చి కిటికీలకు కట్టారు. ఫ్యాన్ ఆపారు. ఆమె ఒక్కో మిల్లు పేరు చెప్పింది. "ఖాళీగున్నది" అని చెప్పింది. "నిండింది" అని చెప్పింది. "రావద్దు" అని గట్టిగా, "రాండ్రి" అని పెళ్లికి పిలిచినట్టు చెప్పింది. అన్నిటికన్నా శ్రద్ధగా తన పేరూ తండ్రి పేరూ చెప్పింది.

తండాలో ఎవరూ ఎప్పుడూ చేయని పని ఆమె చేసింది. తండ్రి పేరును మాట నుంచి విడదీసి, ఒంటిగా ఒక చోట దాచిపెట్టింది. ఎవరైనా తీసుకుని ఏ మాట ముందైనా పెట్టుకునేట్టు. ఇంజనీరింగ్ చదివిన పిల్ల, అది ఆమెకు ఆ రోజు తట్టలేదు.

రెండు కోతలు బాగా నడిచింది. హైదరాబాద్‌లో అద్దాల మేడలో పిలిచి శాలువా కప్పారు. ఒక మేడం "ఇంపాక్ట్" అంది, ఇంకొకాయన "స్కేల్" అన్నాడు. బద్రీనాథ్ కూడా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. కొడుకు వరస పిల్లవాడి కంపెనీ అని డబ్బు కూడా పెట్టాడు. "గేటు వాడే గేటు కబురుకు పెట్టుబడి పెడుతున్నాడంటే మనం గెలిచినట్టే యమునా" అన్నాడు సాయిచరణ్. ఆమెకూ అట్లాగే అనిపించింది.

ఇప్పుడు మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఆ చప్పట్లు గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంది. వెనక సీట్లో ఒక రైతు ఫోన్ స్పీకర్లో పెట్టి వింటున్నాడు. తన గొంతే. బిచ్చా బిడ్డ యమునను సెప్తున్న. బద్రీనాథ్ మిల్లు. ఖాళీగున్నది. రాండ్రి. ప్రతి ముక్కా తాను చెప్పిందే. చెప్పిన మాట మాత్రం తనది కాదు. ఆ "రాండ్రి" ఇంకా పెళ్లికి పిలిచినట్టే ఉంది.

రైతు ఎవరికో ఫోన్ చేసి, "కోయి, కోయి, మిషన్ పెట్టు. ఈ పిల్ల సెప్తే పక్కా ఉంటది" అంటున్నాడు.

యమున వెనక్కి తిరిగింది. "అన్నా, వద్దను. అది అబద్ధం. ఆ పిల్లను నేనే."

అతను ఆమెను పైనుంచి కింద దాకా చూశాడు. "నువ్వు ఆ పిల్లవైతే ఈ డొక్కు బస్సుల ఎందుకుంటవ్ తల్లీ? కార్లో తిరుగుతవ్."

"కారు లేదన్నా నాకు."

"గందుకే అంటున్న." బస్సులో నలుగురు నవ్వారు.

ఆమె ముందుకు తిరిగి కూర్చుంది. తన గొంతు చెబితే ఊరంతా నమ్ముతోంది, తాను చెబితే ఒక్కడు నమ్మడం లేదు. ఆ మంటతోనే దిగింది.

బద్రీనాథ్ మిల్లు ముందు రోడ్డు రోడ్డుగా లేదు. ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు, మధ్యలో దారి కోసం హారన్లు. గేటు మూసి ఉంది. స్టాక్ నిండిందని బోర్డు తగిలించారు. ద్వాళి ట్రాలీ మీద కూర్చుని ఉంది. యమునను చూడగానే లేచి నిలబడింది.

"వచ్చిందమ్మా మా దొరసాని! గేటు తీపియ్ మరి. ఖాళీగున్నదంటివి కదా, సూపియ్ ఖాళీ!"

పక్క ట్రాక్టర్ల నుంచి తలకాయలు లేచాయి. ఒకడు, "గీమెనా? రెండు మాటలు తండా భాషల కలిపి మమ్ములనే ముంచింది" అన్నాడు. అతనూ తండావాడే. ఆ మాట కొరడాలా తగిలింది. యమున ట్రాలీ ఎక్కి వడ్లలో చెయ్యి పెట్టింది. చిన్నప్పటి వేడే. ఏళ్లు గడిచినా, కంప్యూటర్లు వచ్చినా, శాలువాలు కప్పినా ఒక్క పిసరు చల్లబడని వేడి.

"కాకీ, నేను సెప్పలే. నా గొంతును ఎవరో వాడిండ్రు."

"గొంతు గూడ కిరాయికిచ్చినవా?" అంది ద్వాళి.

యమున దిగి చిన్న గేటు నెట్టుకుని లోపలికి పోయింది. వాచ్‌మన్ ఆపబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆఫీసు గదిలో ఏసీ చల్లగా ఉంది. బద్రీనాథ్ టీ తాగుతున్నాడు. ఎదురుగా సాయిచరణ్ ల్యాప్‌టాప్ ముందు. ఆమెను చూడగానే లేచాడు.

"యమునా, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా."

"ఎవరు పెట్టిండ్రు ఆ కబురు?"

"కూర్చో ముందు."

"కూసుండ. ఎవరు పెట్టిండ్రు?"

అతను పెదనాన్న వైపు చూశాడు. ఆ చూపుతో జవాబు వచ్చేసింది.

"ఒక్క పూట, అంతే. మిల్లుకు లోడ్ తక్కువగా వస్తోంది. నువ్వు రోజూ నిండింది, నిండింది అంటుంటే రైతులు పక్క మిల్లులకు పోతున్నారు. కొన్ని ట్రాక్టర్లు ఎక్కువొస్తాయనుకున్నాం. ఇన్ని వస్తాయని నాకు నిజంగా తెలియదు."

"నిండిన రోజే నిండిందన్న. నిండలేదా?"

"అది కాదు పాయింట్..."

"మరి ఏంది పాయింట్?"

బద్రీనాథ్ కప్పు కింద పెట్టి మెత్తగా అన్నాడు. "కోపం తగ్గించుకో బిడ్డా. నీ సర్వీసుకు నీళ్లు పోసి పెంచింది మేము కాదా? ఎవరినీ ఉత్తగ పంపం. సాయంత్రం దాకా అందరి వడ్లు తీసుకుంటం. రేటు అంటవా, అది మార్కెట్ చెప్తది."

"మార్కెట్ సెప్పలే సార్. నేను సెప్పిన. నా గొంతుతోని మీరు సెప్పిచ్చిండ్రు. పొద్దటి రేటుకే తీసుకోండ్రి అందరియి."

"వేడెక్కి రంగు తిరిగిన వడ్లకు పొద్దటి రేటా?" ఆయన నవ్వాడు. కొట్టినా ఇంత మండేది కాదు.

సాయిచరణ్ గొంతు తగ్గించాడు. "చూడు, రికార్డింగులన్నీ కంపెనీవి. ఇది లీగల్‌గా తప్పు కూడా కాదు. నీ పేరు అక్కడ ఒక ఆడియో ఫైల్, అంతే. పెద్దది చేయకు."

"రికార్డింగులు కంపెనీవి. సరే. నేను గూడ కంపెనీ దాన్నే అనుకో. మరి బిచ్చా ఎవరి మనిషి? మా బాపు మీ కంపెనీల ఏ పోస్టుల ఉన్నడు చరణ్? ఎన్నడన్న ఈ గది మెట్లెక్కిండా? ఎండల ఆ గేటు అవతల నిలవడ్డోడు. ఆయన పేరు మీద అబద్ధం ఆడనీకి ఎవని పర్మిషన్ తీసుకున్నవ్?"

అతను ల్యాప్‌టాప్ మూసేశాడు. ముఖం ఎర్రబడింది. సిగ్గుతోనో కోపంతోనో ఆమెకు తెలియలేదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"గేటుకు లోపలోనివి లోపల్నే ఉన్నవ్" అని బయటికి వచ్చేసింది.

పొద్దు వాలుతుండగా గేటు తెరిచారు. మిల్లు మనిషి గుప్పెడు తీసి, నలిపి, ఊది, పెదవి విరిచాడు. వరస పొడుగునా "సరే అయ్యా", "సరే అయ్యా" అని వినపడుతూ పోయింది. ద్వాళి మాత్రం అయ్యా అనలేదు. తల ఊపి, ట్రాలీ లోపలికి పోతుంటే పక్కన నడిచి పోయింది. యమున వైపు చూడలేదు.

మర్నాడు తండాలో రేకుల షెడ్డు కింద పెద్దలు కూర్చున్నారు. తండా నాయక్ రాజేందర్ కబురు పంపితే బిచ్చా వచ్చి మధ్యలో నిలబడ్డాడు. తువ్వాల భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు మిల్లు మనిషి ముందు పట్టుకున్నట్టే.

"నా పేరు మీద మాట పోయింది. అబద్ధమైంది. తప్పు నా ఇంటిది" అని బిచ్చా ద్వాళి వైపు తిరిగి చేతులు జోడించబోయాడు.

"దించు బాపు చేతులు!" యమున ఆడవాళ్ల మధ్య నుంచి లేచి వచ్చేసింది. "తప్పు చేసినోడు ఏసీల కూసున్నడు. నువ్వెందుకు మొక్కుతవ్? మిల్లు కాడ మొక్కితివి, ఈడ గూడ మొక్కుతవా?"

"కూసో బిడ్డా" అన్నాడు రాజేందర్. "పేరు ఎవరిది?"

"మా బాపుదే. మా ఇంట్ల దూరి దొంగ గొడ్డలి ఎత్తుకపోయి ఎవరినన్న నరికితే, మా బాపుకు శిక్షేస్తవా కాకా?"

షెడ్డు కింద గుసగుసలు లేచాయి. కొందరు తలలూపారు. అప్పుడు ద్వాళి నోరు తెరిచింది.

"దొంగ దూరలేదే. తలుపు తీసి, గొడ్డలికి నూరి పదును పెట్టి, వాని చేతికి నువ్వే ఇచ్చినవ్. దోస్తు అని ఇచ్చినవ్. సదువుకున్నోడు అని ఇచ్చినవ్."

యమున కోపానికి ఇంతసేపూ ఒక దిక్కు ఉంది. ఇప్పుడు అది తిరిగి తన మీదికే వచ్చింది. అది మరీ మండింది.

పెద్దలు తేల్చింది ఒకటే. ఇక మీదట బిచ్చా పేరుతో ఏ కబురూ నడవకూడదు. ద్వాళి సరే అనేదాకా యమున ఆ పేరు చెప్పి ఎవరికీ మాట మోయకూడదు. బిచ్చా సరేనన్నాడు. ఇంటికి పోయేటప్పుడు కూతురితో, "నన్ను మొక్కనియ్యకపోతివి. మొక్కితే ఒడిసిపోయేది. ఇప్పుడు నాకు పేరే లేదు" అన్నాడు. తిట్టినట్టు కాదు. ఉన్న మాట చెప్పినట్టు.

కానీ పేరు ఆగలేదు. యమున కంపెనీలోంచి బయటికి వచ్చేసింది. నా గొంతు తీసెయ్ అంటే సాయిచరణ్, "వేరే గొంతు రికార్డు చేసేదాకా టైమియ్యి, కోతల మధ్యలో ఆపితే బ్రాండ్ పోతుంది" అన్నాడు. హైదరాబాద్ మేడం ఫోన్ చేసి, ఎమోషనల్ కావద్దు యమునా, ఫౌండర్ల మధ్య ఇవన్నీ మామూలే అంది. "మేడం, మీ నాయిన పేరు మీద వడ్లు మురగవెట్టిండ్రా ఎన్నడన్న?" అని అడిగితే ఆమె నెట్‌వర్క్ బాగా లేదంది. ఈ లోపల నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే బిచ్చా బిడ్డ పలుకుతూనే ఉంది. చాయ్ బండ్ల వాళ్లు ఫోన్లు మానేశాక అది ఏం చెబుతోందో, ఎవరు చెప్పిస్తున్నారో అడిగే దిక్కే లేదు.

తీసేయించలేనప్పుడు ఒకటే దారి మిగిలింది. ఎవరూ నమ్మకుండా చేయడం. తాను రెండేళ్లు కష్టపడి పెంచిన నమ్మకాన్ని తానే ఊరూరా తిరిగి చంపడం. యమున అదే మొదలుపెట్టింది. తండాలకు పోయింది, చాయ్ బండ్ల దగ్గరికి పోయింది, మిషన్ల ఓనర్ల దగ్గరికి పోయింది. "ఆ నంబరు కొట్టకుండ్రి. ఆ గొంతు నమ్మకుండ్రి." ఎవరివమ్మా నువ్వు అంటే, "పేరు సెప్పను" అనేది. పేరు చెప్పని మనిషి మాట ఎవరు వింటారు? సగం మంది వినలేదు.

సన్నవడ్ల కోతలు ముదిరిన ఒక పొద్దున, వేములపల్లి దాటాక మిల్లులకు తిరిగే మూల దగ్గర యమున రోడ్డు మీద నిలబడింది. బద్రీనాథ్ మిల్లు మళ్లీ గేటు మూసిందని ఆ గేటు ఎదురుగా చాయ్ అమ్మే సాలి చెప్పింది. నంబరు మళ్లీ రమ్మంటోంది. లింగన్న సంఘం చేతి మైకు పట్టుకుని బస్సులో వచ్చాడు. ఆన్ చేస్తే కీచుమని అరవడం తప్ప ఒక్క మాట బయటికి రాలేదు.

"ఇదేంది తాతా, మీ మైకు మీ సంఘం లెక్కనే ఉన్నది. సప్పుడు తప్ప మాట లేదు."

"పోనియ్, అరుస్తనన్న ఉన్నది గద! మీ కంప్యూటర్ లెక్క అబద్ధాలైతే ఆడతలేదు."

రోడ్డుకు అవతల ద్వాళి నిలబడి ఉంది. ఆమెకు ఇంకో చెక్క పొలం కోతకు మిగిలి ఉంది. యమున ఆశగా చూస్తే, "నీ కోసం రాలే. నా వడ్ల కోసం వచ్చిన. ఆ చెక్కన్న దక్కాలె" అంది.

మొదటి ట్రాక్టరు వచ్చింది. వెనక ఇంకో రెండు బండ్లు, దూరంగా మరికొన్ని. యమున ముందుకు పోయి చేతులు అడ్డం పెట్టింది. డ్రైవర్ బ్రేకు తొక్కి బూతు ఒకటి వదిలాడు.

"సస్తవా ఏంది! జరుగు."

"ఏ మిల్లుకన్నా?"

"బద్రీనాథ్ మిల్లుకు. ఖాళీగున్నదని ఫోన్ల సెప్పిండ్రు."

"ఖాళీగ లేదు. గేటు మూసి పెట్టిండ్రు."

"నువ్వెవరు సెప్పనీకి? ఎవరి మనిషివి నువ్వు? పక్క మిల్లోడు పంపిండా?"

యమున పెదవుల దాకా వచ్చింది ఆ మాట. అవతల నుంచి ద్వాళి చూస్తోంది. యమున మింగేసింది. మింగినకొద్దీ కోపం పైకొచ్చింది.

"నేనెవరినో నీకెందుకు? నన్ను నమ్మమన్ననా? ఒక్క గొంతు నమ్మి ఇన్ని తిప్పలు వడ్డరు, మళ్లీ ఇంకో గొంతు నమ్ముతవా? కండ్లు లేవా నీకు? గీ మూల తిరిగితే గేటే. దిగు. పొయి సూసి రా. నీ ట్రాక్టరు కాడ నేనుంట. ఖాళీగున్నదా, నా మీదికెళ్లి ఎక్కించుకొని పో."

డ్రైవర్ వెనక్కి చూశాడు. ట్రాలీ మీద కూర్చున్న రైతు కిందికి దూకాడు. నమ్మి కాదు, ఈ గొడవ తేల్చుకుందామని. మూల తిరిగి కనపడకుండా పోయాడు. వెనక ట్రాక్టర్ల హారన్లు మొదలయ్యాయి. "ఎవతే ఆమె", "పోలీసోళ్లను పిలువుండ్రి", "పోనీయరాదు". లింగన్న మైకు కీచుమనిపించాడు. ఎవడో గట్టిగా నవ్వాడు.

రైతు తిరిగొచ్చాడు. నడుస్తూ కాదు, ఉరుకుతూ. వచ్చి యమునను దాటుకుని పోయాడు. డ్రైవర్‌తో, "తిప్పు బే! గాడ ట్రాక్టర్ల సంత ఉన్నది. పోతిమా, ఇంక రేపటిదాక బయటపడం" అని అరిచాడు.

తిప్పడానికి రోడ్డు లేదు. వెనక ట్రాక్టరు ఆనుకుని ఉంది, దాని వెనక డీసీఎం. యమున వరస పొడుగునా నడుస్తూ ఒక్కో బండి మడ్‌గార్డు మీద అరచేత్తో చరిచింది. "ఎనకకు! ఎనకకు జరుగు! సూడాలనుంటే దిగి పొయి సూడు, లేకుంటే జరుగు!" చెయ్యి మండుతోంది. రెండో బండివాడు నసుగుతూ దిగి మూల వైపు పోయాడు. మూడోది డీసీఎం, దాని డ్రైవర్ కదలనన్నాడు. అప్పటికి ద్వాళి రోడ్డు దాటి వచ్చేసింది. కొంగు నడుముకు దోపి, వాడి కిటికీ దగ్గరికి పోయి, తండా భాషలో వాడి పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకుంది. డీసీఎం మెల్లగా వెనక్కి కదిలింది.